గాలిమరల రాబడిలో ఊరి వాటా

ఊరి వెలుపల మెట్ట మీద ఒకనాడు సన్నటి ఇనుప స్తంభం లేస్తుంది. నాలుగు వైపులా తీగలతో లాగి కట్టిన ఆ స్తంభానికి వేర్వేరు ఎత్తుల్లో చిన్న గిన్నెల్లాంటివి మూడేసి చొప్పున గిరగిరా తిరుగుతుంటాయి. వాటి పక్కనే గాలి ఎటు నుంచి వీస్తోందో చూపే సూచిక ఉంటుంది. ప్రతి పది నిమిషాలకూ గాలి సగటు వేగం, దిశ కింద ఉన్న పెట్టెలో నమోదవుతాయి. ఏడాదో రెండేళ్లో ఈ కొలత సాగుతుంది. పవన విద్యుత్ కేంద్రం ప్రతిపాదన చాలాచోట్ల ఊరివాళ్ల కంటపడేది ఈ రూపంలోనే. అప్పటికి లారీలు రాలేదు, క్రేన్లు రాలేదు, ఎవరి పొలంలో ఏ టవరు లేస్తుందో తేలలేదు. ఊరికి బేరమాడే బలం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది సరిగ్గా ఈ రోజుల్లోనే.

అనుమతులు వచ్చి, బ్యాంకు రుణం ఖరారై, టర్బైన్లకు ఆర్డరు వెళ్లిపోయాక లెక్కలన్నీ బిగుసుకుపోతాయి. ఆ తర్వాత ఊరు ఏది అడిగినా అది కంపెనీ దయాదాక్షిణ్యాల మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి స్థానికులకు ఏం ఒరుగుతుందన్న ప్రశ్నను ప్రారంభోత్సవం దాకా వాయిదా వేయకూడదు. ప్రతిపాదన ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే జవాబు కూడా కాగితం మీదికి రావాలి. అది హామీగా కాదు, అమలు చేయించుకోగల షరతుగా రావాలి.

ఆ మెట్టే ఎందుకన్నది అర్థమైతే ఊరికి తన బలం అర్థమవుతుంది. గాలిలో ఉండే శక్తి దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. సెకనుకు 6 మీటర్ల వేగంతో వీచే గాలి కంటే 7 మీటర్ల వేగంతో వీచే గాలిలో దాదాపు 60 శాతం ఎక్కువ శక్తి ఉంటుంది. మనిషి ముఖానికి తెలియని ఆ ఒక్క మీటరు తేడా పాతికేళ్ల రాబడిని తారుమారు చేస్తుంది. అందుకే అంతటి కొలత, అంతటి ఓపిక. మంచి గాలి ఉండి, దగ్గర్లో సబ్‌స్టేషన్ ఉండి, పెద్ద వాహనాలు రాగల దారి ఉన్న చోట్లు తక్కువ. ఫ్యాక్టరీనైతే ఇక్కడ కాకుంటే మరోచోట కట్టుకుంటారు. గాలి వీచే మెట్టను మాత్రం ఎవరూ పెకలించుకుపోలేరు.

ఒక మాదిరి ప్రతిపాదనను లెక్కకు తీసుకుందాం. ఒక్కొక్కటి 4 మెగావాట్ల సామర్థ్యంతో 10 టర్బైన్లు, మొత్తం 40 మెగావాట్లు. గాలి సెకనుకు 3, 4 మీటర్ల వేగం అందుకున్నాకే రెక్కలు విద్యుత్తునివ్వడం మొదలుపెడతాయి. సుమారు 25 మీటర్లు దాటిన తుపాను గాలికి తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి. ఈ రెండు హద్దుల మధ్య కూడా ఎప్పుడూ పూర్తి సామర్థ్యంతో తిరగవు. ఏడాది పొడవునా తీసుకుంటే భూమి మీది కేంద్రాలు తమ సామర్థ్యంలో 25 నుంచి 40 శాతం దాకా ఇస్తాయి. 30 శాతం అనుకుంటే ఈ 40 మెగావాట్ల కేంద్రం నుంచి ఏటా సుమారు 10.5 కోట్ల యూనిట్లు వస్తాయి. ఊరి వాటా గురించి మాట్లాడేటప్పుడు ఈ అంకెను దగ్గర పెట్టుకోవాలి. ఎంతలో ఎంత అన్నది తెలియకుండా చేసే బేరం చీకట్లో చేసే బేరమే.

ప్రతిపాదన వెంట వచ్చే కరపత్రాల్లో మొదట కనిపించేది ఉద్యోగాల మాట. అది అబద్ధం కాదు, కానీ అక్కడ కాలవ్యవధిని చూడాలి. దారులు వేయడం, పునాదులు తవ్వడం, కాంక్రీటు పోయడం, టవర్లు ఎత్తడం, తీగలు లాగడం వంటి పనులు సాగే ఏడాది, ఏడాదిన్నర కాలం చాలామందికి చేతినిండా పని దొరుకుతుంది. ఒక్క టవరు పునాదికే ఇరవై మీటర్ల వెడల్పు గుంట తవ్వి, ఇనుము అల్లి, వందల ఘనపు మీటర్ల కాంక్రీటును మధ్యలో ఆపకుండా పోస్తారు. ఆ పని అయిపోయాక మాత్రం తిరిగే టర్బైన్లను చూసుకోవడానికి కొద్దిమంది సాంకేతిక నిపుణులు చాలు. పది టర్బైన్ల కేంద్రంలో శాశ్వత ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ కొద్ది ఉద్యోగాలైనా ఊరి యువతకు దక్కాలంటే నిర్మాణం మొదలయ్యే నాటికే వారికి శిక్షణ మొదలవ్వాలి. టవరు లోపల వంద మీటర్ల నిచ్చెన ఎక్కి, పైన గేర్ల గదిలో బోల్టుల బిగువు సరిచూసి, నూనె నమూనా తీసి దిగడం ఒక్క రోజులో అబ్బే విద్య కాదు.

రెండో మాట కరెంటు. కళ్లెదుట తిరిగే గాలిమర మన ఇంటి దీపాన్ని వెలిగిస్తుందని, బిల్లు తగ్గుతుందని అనుకోవడం సహజం. నిజానికి ఆ విద్యుత్తు సబ్‌స్టేషన్ ద్వారా గ్రిడ్‌లోకి వెళ్లిపోతుంది. ఊరి బిల్లు తనంతట తాను తగ్గదు. పైగా సరఫరా పోయినప్పుడు కూడా గాలిమరలు ఊరిని ఆదుకోలేవు. మామూలుగా కట్టే కేంద్రాల్లోని టర్బైన్లు గ్రిడ్‌తో అడుగు కలిపి నడిచేవి, గ్రిడ్ పడిపోతే అవీ ఆగుతాయి. బిల్లులో రాయితీ కావాలంటే దాన్ని విడిగా అడిగి ఒప్పందంలో రాయించుకోవాలి. ఈ సంగతి ముందే విడమరిచి చెప్పని కంపెనీ తర్వాత ఊరి నమ్మకాన్ని కోల్పోతుంది, ఆ కోపంలో న్యాయం కూడా ఉంటుంది.

భూమి విషయంలో భయానికీ వాస్తవానికీ మధ్య దూరం ఎక్కువ. ఒకదాని గాలిని మరొకటి అడ్డుకోకుండా టర్బైన్లను రెక్కల చుట్టు వెడల్పుకు కొన్ని రెట్ల దూరంలో నిలుపుతారు. అందువల్ల పటం మీద కేంద్రం విస్తీర్ణం చాలా పెద్దదిగా కనిపిస్తుంది. అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల 2009లో వెలువరించిన అధ్యయనం ప్రకారం మొత్తం విస్తీర్ణం మెగావాట్‌కు సగటున 34 హెక్టార్ల చుట్టూ ఉంటే, శాశ్వతంగా చేజారే భూమి 0.3 హెక్టారు మాత్రమే. మిగతాదంతా దున్నుకోవచ్చు, మేపుకోవచ్చు. టవరు కోసం భూమి ఇచ్చిన రైతుకు వానలు పడినా పడకపోయినా ఏటా కౌలు వస్తుంది. పంట మీద మాత్రమే ఆధారపడిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

అసలు చిక్కు ఆ రైతుతో కాదు, అతని పక్కింటివాళ్లతో వస్తుంది.

టవరు ఒకరి పొలంలో ఉంటుంది, దాని నీడ మరొకరి ఇంట్లో పడుతుంది. సూర్యుడు కిందికి వాలిన సాయంత్రం వేళ, రెక్కలకు సరిగ్గా ఎదురుగా ఉన్న ఇంటి కిటికీలోంచి వచ్చే ఎండ గోడ మీద ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. నిమిషానికి 12 సార్లు తిరిగే మూడు రెక్కల చక్రం నిమిషానికి 36 సార్లు ఆ గదిని కమ్మి వదులుతుంది. చదువుకునే పిల్లవాడి పుస్తకం మీద, వంటగది గట్టు మీద, పడుకున్న రోగి కళ్ల మీద అదే నీడ. ఏడాదిలో కొన్ని వారాలు, రోజులో కొన్ని నిమిషాలు మాత్రమే అయినా ఆ నిమిషాల్లో ఆ గదిలో ఉండడం కష్టం. జర్మనీలో ఒక ఇంటి మీద ఈ నీడ గరిష్ఠంగా ఏడాదికి 30 గంటలు, రోజుకు 30 నిమిషాలు దాటకూడదన్న ప్రమాణం పాటిస్తారు. సూర్యుడి గమనం ముందే తెలుసు కాబట్టి ఆ కొద్దిసేపు టర్బైనును ఆపేలా కంప్యూటర్‌కు అప్పజెప్పవచ్చు. రాత్రి నిశ్శబ్దంలో వినిపించే రెక్కల హోరు మరో సమస్య. గాలిమరల చప్పుడు పగలూ రాత్రీ కలిపి లెక్కించే సగటులో 45 డెసిబెల్స్‌కు మించకుండా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో సూచించింది.

కౌలు భూయజమానికి పోతే, నీడా చప్పుడూ పొరుగువాడికి మిగిలితే ఊరు రెండుగా చీలుతుంది. గాలిమరల మీద వచ్చే వ్యతిరేకతలో చాలా భాగం గాలిమరల మీదిది కాదు, ఈ అన్యాయం మీదిది. దీన్ని గుర్తించిన దేశాలు పొరుగువారికి నేరుగా చెల్లించే పద్ధతి తెచ్చాయి. ఐర్లండ్‌లో ప్రభుత్వ మద్దతు పథకం కింద కట్టే పవన కేంద్రాలు కిలోమీటరు లోపు ఉన్న ప్రతి ఇంటికీ ఏటా కనీసం 1,000 యూరోలు ఇవ్వాలన్న నియమం పెట్టారు. డెన్మార్క్‌లో 2020 నుంచి టర్బైను ఎత్తుకు ఎనిమిది రెట్ల దూరం లోపు నివసించేవారికి ఏటా బోనస్ చెల్లించే ఏర్పాటు ఉంది. దూరాన్ని కాక ఎత్తును కొలబద్దగా పెట్టడం తెలివైన పని. టర్బైన్లు ఏటికేడు పెరుగుతున్నాయి, నియమం కూడా వాటితోపాటే పెరుగుతుంది.

ఇక ఊరంతటికీ వచ్చే వాటా. స్కాట్లండ్ ప్రభుత్వం భూమి మీది కేంద్రాలకు మెగావాట్‌కు ఏటా 5,000 పౌండ్లు, అదీ ధరల పెరుగుదలకు ముడిపెట్టి, స్థానిక నిధికి ఇవ్వాలని ప్రమాణంగా చెబుతోంది. ఐర్లండ్ పథకం ఉత్పత్తిని కొలబద్దగా తీసుకుంది, వెయ్యి యూనిట్లకు 2 యూరోలు. జర్మనీ చట్టం టర్బైను చుట్టూ రెండున్నర కిలోమీటర్ల వలయంలో ఉన్న స్థానిక సంస్థలకు యూనిట్‌కు 0.2 సెంటు (సెంటు అంటే యూరోలో వందో వంతు) చెల్లించే వీలు కల్పించింది. ఆ వలయంలో ఏ ఊరి భూభాగం ఎంత ఉంటే దానికి అంత వాటా. లెక్క వేస్తే ఐర్లండ్, జర్మనీ రేట్లు రెండూ ఒకటే. పైన అనుకున్న 40 మెగావాట్ల కేంద్రానికి ఏడాదికి సుమారు 2 లక్షల 10 వేల యూరోలు వస్తాయి. స్కాట్లండ్ పద్ధతిలో 2 లక్షల పౌండ్లు.

అంకెలు దగ్గరగానే ఉన్నా ఈ పద్ధతుల స్వభావం వేరు. మెగావాట్ మీద కట్టిన వాటా గాలి తగ్గిన ఏడాది కూడా మారదు, బడి ఉపాధ్యాయుడి జీతం వంటి స్థిరమైన ఖర్చు పెట్టుకున్న ఊరికి అది భరోసా. యూనిట్ మీద కట్టిన వాటా గాలితోపాటు పెరుగుతుంది, తగ్గుతుంది. యంత్రం చెడిపోయి నెలల తరబడి ఆగితే ఊరికి రావాల్సిందీ ఆగుతుంది. అయితే అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒప్పందంలో చివర ఎక్కడో ఉంటుంది, ధరల పెరుగుదలతో ముడి. ఏటా 3 శాతం చొప్పున ధరలు పెరిగితే మారని మొత్తం విలువ పాతికేళ్లలో సగానికన్నా కిందికి పడిపోతుంది. మొదటి ఏడు ఆసుపత్రి గది కట్టగలిగిన డబ్బు చివరి ఏడు అందులో సగం గదికి కూడా సరిపోదు. ఈ ఒక్క వాక్యం కోసం ఊరు పట్టుబట్టడం న్యాయం.

చెల్లింపుల కన్నా మెరుగైనది యాజమాన్యంలో భాగం. ఈ మాటకు సాక్ష్యం కావాలంటే డెన్మార్క్‌లోని సామ్సో దీవిని చూడాలి. సుమారు 4 వేల మంది ఉండే ఆ దీవిని 1997లో పునరుత్పాదక ఇంధన దీవిగా ఎంపిక చేశారు. 2000 నాటికి భూమి మీద 11 టర్బైన్లు, 2003 నాటికి సముద్రంలో 10 టర్బైన్లు వచ్చాయి. భూమి మీది వాటిలో ఎక్కువ భాగం రైతులవి, రెండు సహకార సంఘాలవి. సముద్రంలోని పదింటిలో ఐదు స్థానిక పురపాలక సంస్థవి. ఆ ఐదే ఇక్కడ కీలకం. షేర్లు అమ్మకానికి పెడితే కొనగలిగేది పొదుపు ఉన్నవాళ్లే. రోజు కూలీతో బతికేవారికి ఆ అవకాశం ఉన్నా లేనట్లే. స్థానిక సంస్థ పేరిట వాటా ఉంటే షేరు కొనలేని ఇంటికి కూడా అందులో భాగం ఉంటుంది. కోపెన్‌హేగెన్ తీరంలోని మిడెల్‌గ్రుండెన్ కేంద్రంలో 20 టర్బైన్లలో సగం ఒక సహకార సంఘానివి. అందులో 8 వేల మందికి పైగా సభ్యులు. డెన్మార్క్ 2009 నుంచి ఒక దశాబ్దం పాటు కొత్త కేంద్రాల్లో కనీసం 20 శాతం వాటాను స్థానికులకు అమ్మకానికి పెట్టాలని, నాలుగున్నర కిలోమీటర్ల లోపు ఉన్నవారికి మొదటి అవకాశం ఇవ్వాలని చట్టమే చేసింది. తర్వాత దాని స్థానంలోకే పైన చెప్పిన బోనస్ వచ్చింది. బోనస్ అందరికీ అందుతుంది నిజమే, కానీ యజమానిగా కూర్చునే కుర్చీ అందులో లేదు.

స్కాట్లండ్‌లోని గీయా దీవి కథ ఇంకా చిన్నది, అందుకే ఇంకా దగ్గరిది. 2002లో వంద మంది కూడా లేని ఆ దీవివాసులు తమ దీవిని తామే కొనుక్కున్నారు. ఇళ్లు చాలా వరకు పాడుబడి ఉన్నాయి. డబ్బు సరిపోక మూడు పాత టర్బైన్లు కొని నిలబెట్టారు, ఒక్కొక్కటి 225 కిలోవాట్లది. ఇప్పటి టర్బైన్ల పక్కన అవి బొమ్మల్లా ఉంటాయి. వాటికి నాట్యమాడే దొరసానులని పేరు పెట్టుకున్నారు. గ్రిడ్‌కు అమ్మిన కరెంటు మీద వచ్చిన డబ్బుతో ఇళ్లు బాగుచేసుకున్నారు. ఇళ్లు బాగుపడ్డాక మనుషులు తిరిగి వచ్చారు, జనాభా పెరిగింది. చిన్న గాలిమరలైనా రాబడి మొత్తం ఊరిదే అయితే ఎంత పని జరుగుతుందో ఆ దీవి చూపించింది.

వాటా ఎంత పెద్దదైనా అది సమ్మతికి బదులు కాదు. నార్వేలోని ఫోసెన్ ప్రాంతంలో 151 టర్బైన్లు తిరగడం మొదలయ్యాక, 2021 అక్టోబరులో ఆ దేశ సుప్రీంకోర్టు వాటి అనుమతులు చెల్లవని తేల్చింది. ఆ భూములు అక్కడి ఆదివాసులైన సామీ ప్రజలు రెయిన్‌డీర్లనే మంచు ప్రాంతపు జింకలను మేపుకునేవి, వారి సంస్కృతి హక్కుకు భంగం కలిగిందని తీర్పు. కట్టేసిన కేంద్రం, చెల్లని అనుమతి! రాజీ ఒప్పందాలు కుదరడానికి ఆ తర్వాత రెండేళ్లకు పైగా పట్టింది. కెన్యాలోని తుర్కానా సరస్సు పక్క కేంద్రం ఆఫ్రికాలోనే పెద్ద వాటిలో ఒకటి, 365 టర్బైన్లు, 310 మెగావాట్లు. దాని కోసం 200 కిలోమీటర్లకు పైగా దారిని బాగుచేశారు. అంత మారుమూల ప్రాంతానికి అది నిజమైన మేలే. అయినా ఉమ్మడి భూముల పట్టాలు ప్రజలను సరిగా సంప్రదించకుండా, పద్ధతి ప్రకారం కాకుండా పొందారని 2021లో కోర్టు చెప్పింది. ఉమ్మడి భూమికి పట్టాదారు లేడు కాబట్టి అడగాల్సినవాళ్లూ లేరనుకోవడం ప్రతిచోటా జరిగే పొరపాటు. పశువుల కాపరులకూ, కట్టెలు ఏరుకునేవారికీ కాగితం ఉండదు, బతుకు మాత్రం ఆ నేల మీదే ఉంటుంది. సంప్రదింపుల జాబితాలో మొదటి పేర్లు వాళ్లవి కావాలి.

పక్షుల సంగతి కూడా ఈ దశలోనే తేలాలి, ఎందుకంటే టవరు ఎక్కడ నిలపాలన్న నిర్ణయమే అన్నిటికన్నా పెద్ద రక్షణ. వలస దారులూ, గద్దల గూళ్లూ తప్పించి నిలిపితే చాలా నష్టం తప్పుతుంది. నార్వేలోని స్మోలా దీవిలో మూడు రెక్కల్లో ఒకదానికి నల్ల రంగు వేసి చూస్తే పక్షుల మరణాలు 70 శాతానికి పైగా తగ్గాయని 2020లో వెలువడిన అధ్యయనం చెప్పింది. అది నాలుగు టర్బైన్ల మీద చేసిన చిన్న ప్రయోగం, అయినా ఖర్చు తక్కువ, ఆశ ఎక్కువ.

నిధి వచ్చాక దాన్ని ఎవరు ఖర్చు పెట్టాలి? కంపెనీ ప్రతినిధి చేతిలో చెక్కుబుక్కు ఉన్నంతకాలం అది ఊరి నిధి కాదు, కంపెనీ ప్రచారం ఖర్చు. ఎన్నుకున్న సంఘం, అందులో టర్బైన్లకు అతి దగ్గరగా ఉన్న ఇళ్లవారికీ భూమి లేనివారికీ చోటు, ఏటా అందరి ముందూ చదివే లెక్కలు ఉండాలి. ఒక్కసారిగా పెద్ద భవనం కట్టాలన్న ఉబలాటం ఎక్కడైనా ఉంటుంది. పాతికేళ్ల పాటు వచ్చే రాబడికి పాతికేళ్లు సాగే పనులే తగినవి. ఇళ్ల మరమ్మతు, పిల్లల పై చదువులు, వృద్ధులను ఆసుపత్రికి చేర్చే వాహనం లాంటివి.

ఇంకో కోణం తరచుగా మరుగున పడుతుంది. పవన కేంద్రాలు ఎక్కువగా ఆ ఒక్క కేంద్రం కోసమే పెట్టిన ప్రత్యేక కంపెనీల పేరిట ఉంటాయి. ఆ కంపెనీ చేతులు మారడం మామూలు. ఊరికి వచ్చి చేతులు కలిపి మాట ఇచ్చినవారు ఐదేళ్ల తర్వాత అక్కడ ఉండకపోవచ్చు. కొన్నవారికి పాత మాట గుర్తుండదు. ఎవరు కొన్నా కట్టుబడాల్సిందేనన్న షరతు ఒప్పందంలో ఉంటేనే వాటా నిలుస్తుంది. కూల్చివేత ఖర్చు కూడా అంతే. జీవితకాలం ముగిశాక టవరు ఇనుమును కరిగించి వాడుకోవచ్చు, గాజునారతో చేసిన రెక్కలను వదిలించుకోవడం కష్టం. కంపెనీ చేతులెత్తేస్తే ఆ భారం భూమి ఇచ్చిన రైతు నెత్తిన పడుతుంది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం 2019లో చేసిన చట్టం, టర్బైన్లను తొలగించే బాధ్యతా దానికి ఆర్థిక పూచీకత్తూ కౌలు ఒప్పందంలోనే ఉండాలంది. చమురు బావుల నేలలో పుట్టిన ఆ జాగ్రత్త గాలి వీచే ప్రతి నేలకూ పనికొస్తుంది.

చివరగా ఒక చిన్న షరతు, అడిగేవాళ్లు అరుదు. నెలనెలా ఏ టర్బైను ఎన్ని యూనిట్లిచ్చిందో ఆ లెక్క ప్రతి ఊరి సంఘానికి అందాలి. యూనిట్ మీద వాటా ఉన్నచోట అది సరిచూసుకోవడానికి అవసరం. వాటా మెగావాట్ మీద ఉన్నా ఆ లెక్క వృథా కాదు. పాతికేళ్లకు పాత టర్బైన్లు దిగి, వాటి చోట తక్కువ సంఖ్యలో ఇంకా పెద్దవి లేస్తాయి. అప్పుడు మళ్లీ కౌలు, మళ్లీ అనుమతి, మళ్లీ బేరం. దారి ఉంటుంది, సబ్‌స్టేషన్ ఉంటుంది, ఈసారి గాలిని కొలవడానికి ఇనుప స్తంభం కూడా అంతగా అక్కర్లేదు. ఆ మెట్ట మీది గాలి విలువ ఎంతో చెప్పే మూడు వందల నెలల లెక్క అప్పటికి ఊరి బీరువాలో ఉండాలి.